బ్లైండ్ మ్యూల్ లోయలో దుప్పుల్లేవు

లైటు ఆరిపోయింది!

కాదు. ఆర్పేశాడు.

ముందు నడుస్తున్న రాయిస్ చెయ్యి నుదుటి మీది లైటు దాకా వెళ్ళడం, బటన్ నొక్కడం ఎమ్మెట్ కళ్ళారా చూశాడు. మరుక్షణం కాటుక లాంటి చీకటి. తెల్లవారడానికి ఇంకా చాలా టైముంది.

ఎమ్మెట్ ఆగిపోతాడు.

పైన్ చెట్ల మధ్య గాలి కూడా లేదు. కింద ఎక్కడో వాగు. ఎదురుగా అడుగుల చప్పుడు... ఆగకుండా, తడబడకుండా, వెళ్ళిపోతూనే ఉంది.

లైటు లేకుండా ఎలా నడుస్తున్నాడు?

"బావా!" గొంతు తగ్గించి పిలుస్తాడు.

అడుగులు ఇంకా దూరమవుతున్నాయి.

"బావా... ఆగు!"

"అరవకు." చీకట్లోంచి రాయిస్ గొంతు. "ఇక్కణ్ణుంచి లైటొద్దు. ఎడం చెయ్యి చాపు, కొమ్మ తగులుతుంది. పట్టుకో. దాని కిందే దుంగ. వాగుకి అడ్డంగా పడుంది. దాటు."

ఎమ్మెట్ చెయ్యి చాపుతాడు. కొమ్మ!

కాలు చాపుతాడు. దుంగ!

వెన్నులో చలి పాకుతుంది. అది ఐడహో కొండల చలి కాదు.

ఈ దుంగ మ్యాపులో లేదు. శాటిలైట్ ఫొటోల్లోనూ లేదు. చలికాలమంతా ఈ కొండలన్నిటి ఫొటోలనీ పెద్దవి చేసి చేసి, కళ్ళు మండేలా చూసినవాడు ఎమ్మెట్. పొదల కింద దాక్కున్న ఈ దుంగ గురించి తెలియాలంటే ఒకటే దారి.

ఇంతకుముందు దాన్ని దాటి ఉండాలి.

అవతలి గట్టు మీద రాయిస్ నీడలా నిలబడి ఉన్నాడు.

"ఇక్కడికి ఎప్పుడూ రాలేదన్నావు?"

"రాలేదు."

"మరి దుంగ?"

"నిన్న సాయంత్రం నీళ్ళకొచ్చినప్పుడు చూశా."

అబద్ధం!

నిన్న సాయంత్రం నీళ్ళు తెచ్చింది ఎమ్మెట్. అదీ ఇక్కణ్ణుంచి కాదు.

ఎమ్మెట్ భుజానున్న తుపాకీ పట్టీని గట్టిగా పట్టుకుంటాడు.

ఈ కొండల్లోనే, రెండేళ్ళ కిందట, ఎమ్మెట్ అన్న గ్లెన్ మాయమైపోయాడు. ఎల్క్ దుప్పుల వేటకని నెబ్రాస్కా నుంచి ఒక్కడే ట్రక్కెక్కాడు. ట్రక్కు దొరికింది... ఇక్కడ కాదు, ఈ కొండల వరసకి అవతల, ఒక అడవిదారి చివర. మనిషి దొరకలేదు. కుక్కలు వెతికాయి. హెలికాప్టర్ వెతికింది. తర్వాత మంచు పడింది. అంతటితో అందరూ చేతులు దులుపుకున్నారు.

ఆ తర్వాత ఇంట్లో వేట అనే మాటే ఎవరూ ఎత్తలేదు.

ఎత్తింది రాయిస్. అక్క లీన్ మొగుడు. లారీ డ్రైవరు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకునే మనిషి. అలాంటివాడు పోయిన జనవరిలో వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాడు.

"గైడొద్దు. గుర్రాలొద్దు. మనిద్దరమే. మనకి బొత్తిగా తెలియని చోటికి పోదాం."

వేలు పెట్టి చూపించాడు. బ్లైండ్ మ్యూల్ లోయ.

వేలు మ్యాపు మీదే ఉంది. కళ్ళు మాత్రం ఎమ్మెట్ మొహం మీద ఉన్నాయి. అలా ఎందుకు చూస్తున్నాడో ఎమ్మెట్‌కి అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడే ఎమ్మెట్ ఆ మ్యాపు చంకన పెట్టుకుని హార్లన్ దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో ఎవరు దుప్పిని కొట్టినా దాని తలకి రూపం పోసి గోడకెక్కించేది హార్లనే. అన్నదమ్ములిద్దరికీ తుపాకీ పట్టడం నేర్పింది కూడా ఆయనే. నాన్న పోయాక పెద్దదిక్కయ్యాడు. ఏ చుట్టరికం లేకపోయినా ఎమ్మెట్‌కి ఆయన బాబాయ్.

మ్యాపు చూడగానే హార్లన్ పకపకా నవ్వాడు.

"బ్లైండ్ మ్యూల్‌లోనా? దుప్పి కాదు కదా, దాని పేడ కూడా దొరకదురా అక్కడ! మీ బావకి లారీ తోలడం తప్ప ఇంకేమొచ్చు? వేరే లోయ చూసుకోండి."

వెళ్ళేటప్పుడు ఒక ట్రాకర్ చేతిలో పెట్టాడు. "ఇది ఆన్‌లో ఉంచు. నువ్వెక్కడున్నావో నా ఫోన్లో కనిపిస్తూ ఉంటుంది. మీ అన్న దగ్గర ఇలాంటిదొకటి ఉండుంటే..." మాట మింగేశాడు.

ఎమ్మెట్ కళ్ళు చెమర్చాయి ఆ రోజు.

సంగతి విన్న రాయిస్ మాత్రం మ్యాపు తీసుకుని మడిచేశాడు. "హార్లన్‌కి చెప్పేశావా?" అన్నాడు. "సరే. వేరే లోయకే పోదాం. ఆ మాటే ఆయనకి చెప్పు."

చెప్పాడు. తీరా ఇక్కడికొచ్చాక ట్రక్కు ఈ లోయకే తిరిగింది!

"అక్కడ జనం ఎక్కువైపోయారట," అన్నాడు రాయిస్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఎవరు చెప్పారు? ఎప్పుడు?

కొండ కింద పెట్రోలు బంకులో కాఫీ పోస్తున్న ఆడమనిషి రాయిస్‌ని చూసి నవ్వింది. "ఈసారైనా ఏమన్నా దొరికేలా ఉందా?" అంది. రాయిస్ మొహం మాడిపోయింది. "నన్ను చూసి ఇంకెవరో అనుకున్నట్టున్నావు," అని కప్పు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాడు.

నిన్న సాయంత్రం డేరాలో చూస్తే ట్రాకర్ ఆఫ్ చేసి ఉంది. అది కూడా రాయిస్ సంచి అడుగున!

ఎమ్మెట్ దాన్ని మళ్ళీ ఆన్ చేసి తన లోపలి జేబులో వేసుకున్నాడు. ఇందాక రాయిస్ పొదల చాటుకి వెళ్ళినప్పుడు ఇంకో పని కూడా చేశాడు. రాయిస్ తుపాకీ మ్యాగజైన్ తీసి, తూటాలన్నీ ఊడ్చేసి, ఖాళీదాన్ని మళ్ళీ తగిలించాడు.

ఇప్పుడా తూటాలు ఎమ్మెట్ ప్యాంటు జేబులో బరువుగా కదులుతున్నాయి.

తూర్పున ఆకాశం బూడిదరంగులోకి తిరుగుతోంది.

అప్పుడు వినిపిస్తుంది.

సన్నటి ఈలలా మొదలై, పైపైకి ఎక్కి, అక్కడ చీరుకుపోయి, గుర్రుమంటూ కిందికి దిగే కూత. పోతు దుప్పి! ఎక్కడో పై గట్టు మీద. దానికి ఇటువైపు నుంచి ఇంకొకటి జవాబు. ఆ వెనక మరొకటి.

ఎమ్మెట్ చుట్టూ చూస్తాడు. వెలుతురు వస్తున్నకొద్దీ ఒక్కొక్కటీ బయటపడుతోంది. కొమ్ములతో రుద్ది రుద్ది బెరడు ఒలిచేసిన చెట్లు. పొర్లి పొర్లి కంపుకొట్టే బురదగుంట. కాలికింద పేడ, ఇంకా ఆవిరి కక్కుతూ.

బాబాయ్ పొరబడ్డాడు. పెద్దాయన కదా...

"విన్నావా?" రాయిస్ దగ్గరికి వస్తాడు. "నువ్వా దిబ్బెక్కి కూర్చో. కూత గొట్టంలో ఊదుతూ ఉండు, ఆడదుప్పి పిలిచినట్టు. నేను చుట్టు తిరిగొస్తా."

"ఎంతసేపు ఊదాలి?"

"నేనొచ్చేదాకా. లేవకు. ఏం వినబడ్డా లేవకు."

ఏం వినబడ్డా...?

రాయిస్ చెట్లలోకి దూరిపోతాడు. కూత వచ్చింది పైనుంచి. రాయిస్ వెళ్తున్నది కిందికి!

ఎమ్మెట్ దిబ్బెక్కుతాడు. ఒక్కసారి ఊదుతాడు. కూత గొట్టం అక్కడే పడేసి, వంగి, వెనకాలే బయల్దేరతాడు.

పడిపోయిన చెట్లు. వాటి మీద మరిన్ని పడిపోయిన చెట్లు. ఎక్కడా ఎండుపుల్ల విరగకూడదు. ఎమ్మెట్ పిల్లిలా పాకుతాడు.

రాయిస్ వెనక్కి తిరిగి చూడటం లేదు. వెళ్ళే చోటు తెలిసినవాడి నడక అది.

చెట్లు పలచబడ్డాయి. ఎదురుగా కొండ చరియ. చరియ అడుగున పాత గని సొరంగం, దాని మూతికి కుళ్ళిన పలకలు. రాయిస్ తుపాకీని రాతికి ఆనించి, భుజాన ఉన్న సంచి పక్కకి విసిరి, పలకలు పీకుతున్నాడు.

ఒకటి... మరొకటి...

వంగి లోపలికి వెళ్తాడు.

ఎమ్మెట్ తుపాకీ భుజానికి ఎత్తుతాడు. స్కోపులోంచి సొరంగం మూతి. పలకల వెనక తెల్లగా... ఏంటవి?

పుర్రెలు! దుప్పి పుర్రెలు. ఒకదాని మీద ఒకటి, కుప్పగా. ఒక్కదానికీ కొమ్ముల్లేవు. కోసేశారు.

రాయిస్ బయటికొస్తాడు. రెండడుగులు వేస్తాడు. మోకాళ్ళ మీద కూలబడతాడు. రెండు చేతులతో మొహం కప్పుకుంటాడు.

దాచిన చోట దాచినట్టే ఉందో లేదో చూసుకోవడానికి వచ్చాడు. అంతే! ఇంకేం సాక్ష్యం కావాలి?

"చేతులు పైకెత్తు!"

రాయిస్ ఉలిక్కిపడడు. నెమ్మదిగా తలెత్తుతాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎమ్మెట్... నేను చెప్పేది కాస్త..."

"ఎత్తమన్నానా!"

ఎత్తుతాడు.

"మా అన్నని ఇక్కడికి తెచ్చింది నువ్వేగా?"

"కాదు."

"ఎప్పుడూ రాలేదన్నావు. చీకట్లో దుంగ దాటించావు. ఎన్నిసార్లొచ్చావ్ ఇక్కడికి?"

"పోయినేడంతా. పడమటికి లోడు పడ్డప్పుడల్లా."

"దేనికి?"

"గ్లెన్ కోసం. ఈ సొరంగం కిందటిసారి కనబడింది, తెరిచేలోగా మంచు కమ్మేసింది."

ఎమ్మెట్ వేలు ట్రిగ్గర్ మీదికి జారుతుంది. "ఆ పేరెత్తకు."

"విను. వేటగాడు తన చోటు పేరు కట్టుకున్నదానికి కూడా చెప్పడు. గ్లెన్ నాకు చెప్పాడు. బ్లైండ్ మ్యూల్ అని. ఒక్కణ్ణే పోవట్లేదు బావా, మనూరి మనిషొకడు దారి చూపిస్తానన్నాడు, అన్నాడు. ఎవర్రా అంటే నవ్వాడు. మాటిచ్చాడట, చెప్పనని."

"పోలీసులకి చెప్పలేకపోయావా?"

"చెప్పా. ట్రక్కు అక్కడ దొరికితే ఇక్కడ వెతకడమేంటని గేటు చూపించారు."

"నాకు? నాకెందుకు చెప్పలేదు?"

రాయిస్ సూటిగా చూస్తాడు.

"మనూరి మనిషన్నాడు గ్లెన్. నువ్వూ మనూరివాడివేగా."

ఎమ్మెట్‌కి చెంప మీద కొట్టినట్టుంది.

"నన్నా..! సొంత తమ్ముణ్ణి!"

"అందరినీ అనుమానించా. వేరే దారేముంది? మ్యాపు మీద వేలు పెట్టి నీ మొహం చూశా. ఏమీ లేదు. పాలు తాగే పిల్లాడి మొహం. కానీ తెల్లారేసరికి పోయి హార్లన్‌కి అంతా కక్కేశావు. ఆయన వద్దంటే వద్దన్నాడు. అప్పుడు..."

"బాబాయ్‌ని ఇంకో మాటన్నావంటే పళ్ళు రాలగొడతా!"

"ఆ పుర్రెలు చూడు. వేట సీజన్ కానప్పుడు, పర్మిట్ లేకుండా, ఎన్నేళ్ళ నుంచో కొట్టి కొమ్ములు అమ్ముకుంటున్నాడు ఎవడో. గ్లెన్ చూసుంటాడు. వాడి సంగతి తెలుసుగా నీకు... చూస్తే ఊరుకునే రకమా?"

కాదు. ఊరుకునే రకం కాదు గ్లెన్.

అయినా ఎమ్మెట్ తుపాకీ దించడు. మాటలు ఎవడైనా అల్లుతాడు. మాటలు రానివాడు ఇంత బాగా అల్లాడంటే ఇంకా అనుమానించాలి!

"ఎమ్మెట్." రాయిస్ గొంతు మారింది. "ట్రాకర్ ఎక్కడుంది? నా సంచిలో లేదు."

"నా దగ్గరుంది."

"ఆన్ చేశావా?"

"చేశా. నిన్న సాయంత్రమే. అయితే ఏంటంట?"

రాయిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కింద పడుకో! ఎమ్మెట్, పడుకో..."

ఢాం!

కొండంతా మోగింది. రాయిస్ గిర్రున తిరిగి వెల్లకిలా పడ్డాడు. తొడ పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి నెత్తురు!

ఎమ్మెట్ కాల్చలేదు!

"ఒరే ఎమ్మెట్! నీకేం కాలేదు కదరా?"

పైన బండల మీద బూడిదరంగు గడ్డం. చేతిలో తుపాకీ. ఈ వారమంతా మిన్నెసోటా చెరువుల్లో చేపలు పట్టుకుంటానన్న హార్లన్!

"బాబాయ్!"

ముందు కలిగింది కొండంత ధైర్యమే. అది నిజం. తప్పిపోయిన పిల్లాడికి ఇంటి మనిషి కనిపించినట్టు అయింది ఎమ్మెట్‌కి.

హార్లన్ బండల మీంచి దిగుతున్నాడు. తుపాకీ గొట్టం రాయిస్ మీంచి కదలడం లేదు.

"వీడి మీద నాకు మొదట్నుంచీ అనుమానమేరా. అందుకే వెనకాలే వచ్చా. ఇటు రా నువ్వు. నా పక్కకి రా. మీ అన్నని పొట్టన పెట్టుకున్నవాడు వీడే."

"వెళ్ళకు..." రాయిస్ పళ్ళబిగువున అంటాడు. "వెళ్తే ఇద్దరం పోతాం."

రాయిస్ చెయ్యి రాతికి ఆనించిన తుపాకీ కోసం పాకుతుంది. అందింది! బోల్టు లాగి కొడతాడు. గొట్టం హార్లన్ గుండెకి ఎదురుగా!

టిక్!

అంతే.

మళ్ళీ లాగుతాడు.

టిక్!

రాయిస్ ఖాళీ తుపాకీ వైపు చూస్తాడు. తర్వాత ఎమ్మెట్ వైపు. ఆ చూపుకి ఎమ్మెట్ సిగ్గుతో చచ్చిపోతాడు.

హార్లన్ నవ్వుతాడు. "తూటాలు తీసేశావా? శెభాష్! నేను నేర్పినవాడివి అనిపించావు. ఇక తప్పుకో. మిగతాది నాకొదిలెయ్."

ఎమ్మెట్ ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాడు.

"బాబాయ్... ఈ లోయలో దుప్పుల్లేవన్నావు."

"అయితే?"

సరిగ్గా అప్పుడే పై గట్టు మీద పోతు కూస్తుంది. నిండుగా, గొంతు చించుకుని. దానికి జవాబుగా లోయ అటు కొస నుంచి ఇంకొకటి.

హార్లన్ మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళల్లోంచి మాత్రం జారిపోయింది.

"ముసలాణ్ణిరా. మర్చిపోయుంటా."

"నువ్వు దుప్పుల సంగతి మర్చిపోతావా?"

హార్లన్ ఇంకో బండ కిందికి దిగుతాడు.

"తప్పుకో ఎమ్మెట్."

"ట్రక్కుని కొండ అవతలికి ఎవరు తోలారు బాబాయ్?"

హార్లన్ నిట్టూరుస్తాడు. తరగతిలో మొద్దబ్బాయిని చూసి విసుగెత్తిన పంతులులా.

"మీ అన్నకీ నీలాగే ప్రశ్నలెక్కువ."

తుపాకీ గొట్టం కదిలింది. రాయిస్ మీంచి... ఎమ్మెట్ మీదికి!

ఎమ్మెట్ ఆలోచించడు.

ఢాం! ఢాం!

రెండు చప్పుళ్ళు ఒకదాని మీద ఒకటి. ఎమ్మెట్ చెవి పక్కన రాయి పగిలి మొహాన చిమ్మింది. హార్లన్ వెనక్కి విసిరేసినట్టు బండకి కొట్టుకున్నాడు. కుడి భుజం నెత్తురు ముద్ద. ఆయన తుపాకీ రాళ్ళ మీద దొర్లుకుంటూ కింద పొదల్లో పడింది.

ఎమ్మెట్ తనకి తుపాకీ పట్టడం నేర్పిన చేతినే కొట్టాడు.

"గ్లెన్ ఎక్కడ?"

హార్లన్ బండకి ఆనుకుని కూర్చున్నాడు. ఎగశ్వాస. అయినా పెదవుల మీద బేరగాడి చిరునవ్వు.

"నా భుజం కట్టు. కిందికి దించు. చెబుతా."

"ముందు చెప్పు!"

"లేకపోతే ఎప్పటికీ తెలీదు. ఈ కొండల్ని నువ్వు పదేళ్ళు తవ్వు. దొరకడు. మీ అక్కకి ఏం చెబుతావ్? మీ అమ్మకి?"

వెనక రాయిస్ మూలుగు. ఎమ్మెట్ తిరిగి చూస్తాడు. తొడ కింద నేల నల్లగా తడిసిపోతోంది. పెదవులు పాలిపోతున్నాయి. బెల్టుతో బిగించుకుందామని చూస్తున్నాడు, వేళ్ళు పట్టు జారిపోతున్నాయి.

ఇటు అన్న. రెండేళ్ళుగా రాత్రుళ్ళు నిద్రపట్టనివ్వని ఒక్క ప్రశ్న.

అటు బావ. ఇంకాసేపట్లో పోయే ప్రాణం.

"ఎమ్మెట్! రారా! వాడెలాగూ పోతాడు!" హార్లన్ అరుస్తున్నాడు.

ఎమ్మెట్ రాయిస్ వైపు పరిగెడతాడు.

మోకాళ్ళ మీద పడతాడు. బెల్టు లాక్కుంటాడు. రెండు చేతులూ కావాలి. తుపాకీ? కింద పెడితే హార్లన్... భుజానికి తగిలించుకుంటే బిగించడానికి వీలుకాదు...

ఒక్క క్షణం.

తన తుపాకీ బోల్టు కొట్టి, తూటా ఎక్కించి, రాయిస్ చేతుల్లో పెడతాడు.

"పట్టుకో బావా."

రాయిస్ పట్టుకుంటాడు. గొట్టం ఎమ్మెట్ చెవి పక్కనుంచి, భుజం మీదుగా బయటికి చూస్తోంది.

ఎమ్మెట్ హార్లన్‌కి వీపు తిప్పి, తల వంచి, బెల్టు బిగిస్తాడు. నెత్తురు ఆగడం లేదు. ఇంకా బిగిస్తాడు.

"చివరిసారి అడుగుతున్నా." వెనకనుంచి హార్లన్ గొంతు. ఎందుకో మెత్తగా ఉంది. "మీ అన్న కావాలా, వద్దా?"

ఎమ్మెట్ తిరగడు.

రాళ్ళ మీద బట్ట రాసుకున్న చప్పుడు. చిన్నగా ఇనుము కదిలిన చప్పుడు.

ఢాం!

చెవిలో పిడుగు పడింది. ఎమ్మెట్ కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడ తగిలింది? నొప్పి ఏది? వీపు తడుముకుంటాడు. పొడిగానే ఉంది.

కళ్ళు తెరుస్తాడు. రాయిస్ చేతుల్లోని గొట్టం నుంచి సన్నగా పొగ.

వెనక్కి చూస్తాడు. హార్లన్ పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. ఎడం చేతిలో, బూటులోంచి లాగిన పిస్తోలు. అది ఇంకా ఎమ్మెట్ వీపు ఉన్న వైపే చూస్తోంది.

గాలి కదిలింది. పొగ చెదిరిపోయింది.

"అయిపోయింది." ఎమ్మెట్ గొంతు తనకే వినిపించడం లేదు. "ఇక గ్లెన్ ఎక్కడున్నాడో చెప్పేవాడు లేడు బావా."

రాయిస్ తుపాకీ దించుతాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. చెయ్యి ఎమ్మెట్ చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది.

"వాడు చెప్పేదేం లేదురా. గ్లెన్ లోపలే ఉన్నాడు... సొరంగంలో... లీన్ అల్లిన టోపీ పెట్టుకునే ఉన్నాడు. నువ్వు నా మీద తుపాకీ ఎత్తినప్పుడు... నీకెలా చెప్పాలా అని చూస్తున్నా."

ఎమ్మెట్ సొరంగం వైపు తిరగబోతాడు.

"తర్వాత," అంటాడు రాయిస్. "ముందు ఆ ట్రాకర్ తియ్యి. సాయం కోసం నొక్కు. బెల్టు మాత్రం వదలకు."

ఎమ్మెట్ ఒక చేత్తో ట్రాకర్ లాగి ఎర్ర బటన్ నొక్కుతాడు.

రెండో చేత్తో బెల్టు లాగి పట్టుకునే ఉంటాడు.